వికిరణ శక్తిని ఇంట్లోనే పరీక్షించి అర్థం చేసుకోవడం ఎలా?

ఎండలోకి వెళ్తే వెలుతురూ వస్తుంది, వేడీ వస్తుంది. రెండూ ఎప్పుడూ కలిసే కనిపిస్తాయి కాబట్టి, సూర్యుడు మనకు రెండు వేర్వేరు సరుకులు పంపుతున్నాడని చాలామంది అనుకుంటారు. స్కూల్లో ఈ పాఠం చదివి పరీక్ష రాసినవాళ్లకు కూడా ఈ అనుమానం పూర్తిగా పోదు. పుస్తకంలో నిర్వచనం ఉంటుంది గానీ చేతికి తగిలేలా ఎవరూ చూపించరు. ఇంట్లో దొరికే సామాన్లతో, ఒక గాజు పట్టకంతో (ప్రిజంతో) దీన్ని మీరే తేల్చుకోవచ్చు. పిల్లలుంటే వాళ్లను కూడా కూర్చోబెట్టుకోండి.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. విద్యుదయస్కాంత తరంగాల రూపంలో, మధ్యలో గాలి ఉన్నా లేకపోయినా ప్రయాణించే శక్తినే వికిరణ శక్తి అంటాం. శూన్యంలో దాని వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. సూర్యుడి నుంచి మన దగ్గరికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఈ తరంగాల్లో కొన్ని పొడవుగా ఉంటాయి, కొన్ని పొట్టిగా ఉంటాయి. వాటిలో సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటరులో వందకోట్లో వంతు) మధ్య ఉన్న చిన్న ముక్కను మాత్రమే మన కన్ను పట్టుకోగలదు. ఆ ముక్కకే కాంతి అని పేరు. కాబట్టి కాంతి అంతా వికిరణ శక్తే. వికిరణ శక్తి అంతా కాంతి కాదు. ఇక దీన్ని పరీక్షిద్దాం.

1. ఇస్త్రీ పెట్టెతో మొదలుపెట్టండి

అడుగు నల్లగా ఉండే నాన్‌స్టిక్ ఇస్త్రీ పెట్టె అయితే మంచిది. తళతళలాడే స్టీలు అడుగు వేడిగా ఉన్నా వికిరణం తక్కువే విడుస్తుంది. పెట్టెను బాగా వేడెక్కించి, మడమ మీద నిలబెట్టి, స్విచ్ తీసేయండి. వేడి అడుగుకు ఎదురుగా, జానెడు దూరంలో, పక్కనుంచి అరచెయ్యి పెట్టండి. పైన పెట్టకండి. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కాబట్టి పైన చెయ్యి పెడితే తగిలేది గాలి వేడో వికిరణమో తేల్చలేం. పక్కన పెడితే గాలి పాత్ర దాదాపు ఉండదు. అయినా అరచెయ్యి వెచ్చబడుతుంది.

ఇప్పుడు మధ్యలో ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. వెచ్చదనం టక్కున ఆగిపోతుంది. తీసేస్తే టక్కున తిరిగి వస్తుంది. ఆ వేగాన్ని గమనించండి. గాలి ద్వారా వచ్చే వేడి అయితే ఇలా వెంటనే ఆగదు, వెంటనే మొదలవదు. ఇస్త్రీ పెట్టె అడుగు చీకట్లో కూడా వెలగదు. అంటే కంటికి ఏమీ అందకపోయినా చర్మానికి శక్తి అందుతోంది.

ఇంకొకటి చేయండి. అట్ట బదులు ఫొటో ఫ్రేమ్ నుంచి తీసిన గాజు పలకను అడ్డం పెట్టండి. అవతల పెట్టె స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, చేతికి వేడి మాత్రం చాలావరకు ఆగిపోతుంది. అదే గాజు పలకను ఎండకు అడ్డం పెడితే వెచ్చదనం ధారాళంగా లోపలికి వస్తుంది. గాజు సూర్యుడి పొట్టి తరంగాలను పోనిస్తుంది, ఇస్త్రీ పెట్టె విడిచే పొడుగు తరంగాలను పీల్చేస్తుంది. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారు కొలిమిలా మారడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. లోపలికి వచ్చిన ఎండ సీట్లను వేడెక్కిస్తుంది. సీట్లు తిరిగి విడిచే పొడుగు తరంగాలు గాజు దాటి బయటికి పోలేవు. వేడెక్కిన గాలి కూడా బయటికి వెళ్లే దారి లేక లోపలే ఉంటుంది.

2. ఏసీ రిమోట్‌ని ఫోన్‌తో చూడండి

గది లైట్లు తీసేసి, ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరవండి. రిమోట్ ముందున్న చిన్న బల్బును కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. మీ కంటికి ఏమీ కనిపించదు, స్క్రీన్ మీద మాత్రం తెల్లగానో లేత ఊదాగానో ఒక చుక్క మిణుకుమంటుంది. వెనుక కెమెరాతో ఇది కనిపించకపోవచ్చు, ఎందుకంటే చాలా ఫోన్లలో దానికి పరారుణాన్ని (ఎరుపు కంటే పొడవైన, కంటికి కనిపించని తరంగాలను) ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. కొత్త టీవీ రిమోట్లలో కొన్ని బ్లూటూత్‌తో పనిచేస్తాయి, వాటితో చూడకండి.

రిమోట్ విడిచేది సాధారణంగా 940 నానోమీటర్ల పరారుణం. మన కన్ను 700 దగ్గర చేతులెత్తేస్తుంది. ఫోన్ కెమెరాలోని సిలికాన్ సుమారు 1100 వరకు పట్టుకుంటుంది. ఒక సన్నటి గాజు గ్లాసులో నల్లటి కోలా కూల్‌డ్రింక్ పోసి, రిమోట్‌కీ కెమెరాకీ మధ్యలో పెట్టి చూడండి. కంటికి నల్లగా ఉన్న ఆ ద్రవం గుండా రిమోట్ చుక్క కనిపిస్తుంది. ఏది పారదర్శకం, ఏది కాదు అన్నది తరంగం పొడవును బట్టి మారుతుంది. గాజుతో జరిగిందానికి ఇది సరిగ్గా తిరగబడ్డ సంగతి.

3. హెర్షెల్ చేసిన పరీక్షను మీరూ చేయండి

మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కాస్త ఓపికగా చేయండి.

యురేనస్ గ్రహాన్ని 1781లో కనుగొన్న విలియం హెర్షెల్, 1800లో ఇంగ్లండ్‌లోని స్లౌ అనే ఊళ్లో సూర్యుణ్ని దూరదర్శినితో చూడటానికి రంగు అద్దాలు వాడేవాడు. కొన్ని అద్దాలు వెలుతురు బాగా తగ్గించినా కంటికి వేడి తగులుతూనే ఉండేది. మరికొన్నిటితో వెలుతురు ఉన్నా వేడి అంతగా ఉండేది కాదు. ఏ రంగు ఎంత వేడి మోస్తుందో కొలవాలనుకుని, పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టాడు.

మీకు కావలసినవి: గాజు పట్టకం ఒకటి (స్కూళ్లకు ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది), ఒకే రకం ఆల్కహాల్ థర్మామీటర్లు నాలుగు, ఒక లోతైన అట్టపెట్టె, తెల్ల కాగితం, నల్ల మార్కర్. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు. దాని కొలత పరిధి చాలా చిన్నది, పైగా ఎక్కిన మట్టం దానంతట అది దిగదు.

థర్మామీటర్ బుడ్డిలను మార్కర్‌తో నల్లగా చేయండి. నలుపు అన్ని రంగులనూ దాదాపు సమానంగా పీల్చుకుంటుంది కాబట్టి పోటీ న్యాయంగా ఉంటుంది. నాలుగింటినీ నీడలో పది నిమిషాలు పక్కపక్కనే ఉంచి, ఒకే కొలత చూపిస్తున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే రాసుకుని, చివర్లో సరిచేయండి. ఈ పని చేయకపోతే మిగతాదంతా వృథా, ఎందుకంటే రావలసిన తేడానే కొద్ది డిగ్రీలు.

పెట్టె అడుగున తెల్ల కాగితం పరచండి. పైఅంచున, సూర్యుడి వైపు, పట్టకం పట్టేలా గాడి కోసి అందులో బిగించండి. పట్టకాన్ని నెమ్మదిగా తిప్పుతూ, పెట్టె అడుగున నీడలో రంగుల పట్టీ వీలైనంత వెడల్పుగా పడేలా చూడండి. సూర్యుడి వైపు నేరుగా గానీ, పట్టకం గుండా గానీ చూడకండి. పిల్లలకు ఈ మాట ముందే గట్టిగా చెప్పండి. గాలి తగలని చోట, మబ్బులేని రోజున చేయండి.

ఒక థర్మామీటర్ బుడ్డిని నీలంలో, రెండోదాన్ని పసుపులో, మూడోదాన్ని ఎరుపు అంచు దాటాక, ఏ రంగూ లేనట్టు కనిపించే చోట పెట్టండి. నాలుగోది పట్టీకి దూరంగా నీడలోనే ఉండాలి. మిగిలినవి ఎంత పెరిగాయో దానితోనే పోల్చాలి. ఐదు నిమిషాలపాటు నిమిషానికోసారి కొలతలు రాయండి. సూర్యుడు జరుగుతున్నకొద్దీ రంగులూ జరుగుతాయి, కాబట్టి మధ్యలో సర్దుతూ ఉండాలి.

నీలంలో కొద్దిగా పెరుగుతుంది. పసుపులో ఇంకాస్త. ఏ రంగూ పడని ఆ మూడో చోట అన్నిటికంటే ఎక్కువ పెరుగుతుంది. కాగితం మీద అక్కడ ఏమీ లేదు, థర్మామీటర్ మాత్రం ఎక్కుతోంది. హెర్షెల్ చూసింది అదే. అక్కడితో ఆగకుండా ఆ థర్మామీటర్‌ని ఎరుపు నుంచి ఇంకా ఇంకా దూరం జరపండి. కొంతదూరం పోయాక కొలత తగ్గిపోయి, నీడలో ఉన్నదానితో సమానమవుతుంది.

ఇక్కడ చాలామంది, కొన్ని పుస్తకాలతో సహా, తొందరపడి "పరారుణం అంటే వేడి, కాంతి అంటే వెలుతురు" అని తేల్చేస్తారు. నేను దీన్ని ఒప్పుకోను. ఏ తరంగాన్నైనా ఒక వస్తువు పీల్చుకుంటే అది చాలావరకు వేడిగానే మారుతుంది. పసుపులో పెట్టిన థర్మామీటర్ కూడా ఎక్కింది కదా! ఎరుపు అవతల ఎక్కువ ఎక్కడానికి గాజుదే పెద్ద పాత్ర. గాజు పట్టకం ఊదా, నీలం రంగులను వెడల్పుగా పరుస్తుంది. ఎరుపును, పరారుణాన్ని ఇరుకు చోట కుక్కేస్తుంది. అందుకే అక్కడ పెట్టిన బుడ్డి మీద ఎక్కువ శక్తి పడుతుంది. తరంగదైర్ఘ్యం ప్రకారం సమానంగా పరిచి కొలిస్తే సూర్యుడి శక్తి శిఖరం 500 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనిపించే భాగంలోనే ఉంటుంది. మొత్తం కలిపి చూస్తే నేలకు చేరే ఎండలో సుమారు సగం పరారుణమే.

హెర్షెల్ కూడా చివరికి కాంతి, కనిపించని ఆ వేడి కిరణాలు రెండూ వేరువేరు అనే అభిప్రాయానికే వచ్చాడు. అది తప్పని తేలడానికి దశాబ్దాలు పట్టింది. కనిపించని ఆ కిరణాలు కూడా కాంతిలాగే పరావర్తనం చెందుతాయని, వంగుతాయని, ధ్రువణం చెందుతాయని (అంటే ఒకే తలంలో ఊగేలా చేయవచ్చని) ఒక్కొక్కటిగా రుజువైంది. విద్యుత్తు, అయస్కాంతాల సమీకరణాల నుంచి కాంతి వేగమే వస్తోందని, అంటే కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని, 1860లలో మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. 1880ల చివర్లో హెర్ట్జ్ అనే మరో శాస్త్రవేత్త రేడియో తరంగాలను పుట్టించి పట్టుకున్నాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ కొద్ది మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను తయారుచేసి, కాంతితో చేసే ప్రయోగాలు ఎన్నో వాటితో చేశాడు. 1898లో మెలితిప్పిన జనపనార కట్టలతో ఆ తరంగాల ధ్రువణ తలాన్ని తిప్పి చూపించాడు. కాంతి మీద చక్కెర ద్రావణం చేసే పనిని, అక్కడ జనపనార చేసింది.

పట్టకం దొరకనివాళ్లు పళ్లెంలో నీళ్లుపోసి, అందులో అద్దం ఏటవాలుగా పెట్టి గోడమీద రంగులు పడేలా చేయవచ్చు. రంగులు చూడటానికి అది చాలు, వేడి కొలవడానికి మాత్రం చాలదు.

4. ఊదా అవతల ఏముంది?

హెర్షెల్ సంగతి తెలిశాక, 1801లో జర్మనీలోని యెనాలో రిట్టర్ అనే శాస్త్రవేత్త రెండో అంచును వెతికాడు. వెలుతురు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడ్, ఊదా దాటాక, ఏమీ కనిపించని చోట, మరింత వేగంగా నల్లబడింది. అదే అతినీలలోహితం. దీన్ని చూడటానికి దొంగనోట్లు పట్టే చిన్న ఊదా లైటు ఉన్న షాపుకు వెళ్తే చాలు. ఐదువందల నోటును దాని కింద పెడితే నంబర్లు, కాగితంలోని సన్నటి పోగులు మెరుస్తాయి. అవి కనిపించని తరంగాన్ని పీల్చుకుని, కనిపించే తరంగంగా మార్చి విడుస్తున్నాయి.

ఈ అంచున ఎందుకు జాగ్రత్తగా ఉండాలో ఒక లెక్క చెబుతుంది. ఈ తరంగాల శక్తి చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది, ఒక్కో పొట్లాన్నే కాంతి కణం అంటారు. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఒక్కో కాంతి కణం మోసే శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో (ఇంత చిన్న శక్తులకు వాడే కొలతలో) వస్తుంది. ఎరుపు (700) దగ్గర 1.8, ఊదా (400) దగ్గర 3.1, అతినీలలోహితం (300) దగ్గర 4.1. రిమోట్ పరారుణం (940) 1.3 మాత్రమే. చర్మంలోని డీఎన్ఏను దెబ్బతీయడానికి ఒక్కో కాంతి కణం దగ్గర ఉన్న శక్తి ముఖ్యం. అందుకే రూమ్ హీటర్ ముందు గంటలకొద్దీ కూర్చున్నా సన్‌బర్న్ రాదు. సెల్‌టవర్ పేరు వినగానే వచ్చే టెన్షన్‌కి కూడా ఇదే లెక్క వేసి చూడండి. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. దాని కణం శక్తి కంటికి కనిపించే కాంతి కణంతో పోలిస్తే కొన్ని లక్షల వంతు తక్కువ.

5. ఒక భాగహారంతో ఏ వస్తువు ఏ తరంగం విడుస్తుందో కనుక్కోండి

ప్రతి వస్తువూ, మంచుగడ్డతో సహా, వికిరణ శక్తి విడుస్తూనే ఉంటుంది. అది ఎక్కువగా ఏ పొడవున ఉంటుందో తెలియాలంటే ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో తీసుకుని 273 కలపండి, అప్పుడు వచ్చేదే కెల్విన్ అంకె. 2900ని ఆ అంకెతో భాగించండి. జవాబు మైక్రోమీటర్లలో వస్తుంది (ఒక మైక్రోమీటర్ అంటే 1000 నానోమీటర్లు). కంటి పరిధి 0.4 నుంచి 0.7 అని గుర్తుంచుకోండి.

సూర్యుడి ఉపరితలం సుమారు 5,770 కెల్విన్: 0.5. పాత ఫిలమెంట్ బల్బు తీగ 2,700 కెల్విన్: 1.07, అంటే శిఖరం కంటికి అవతలే. ఇస్త్రీ పెట్టె 180 డిగ్రీల దగ్గర: 6.4. మన చర్మం: దాదాపు 9.5. థర్మల్ కెమెరాలు చీకట్లో మనుషుల్ని చూసేది ఈ చివరి తరంగాలతోనే.

ఇది శిఖరం మాత్రమే. దానికి రెండువైపులా తోకలు ఉంటాయి. ఘన పదార్థం ఏదైనా సుమారు 525 డిగ్రీలు దాటేసరికి ఆ తోక కొస మన కంటి పరిధిలోకి వచ్చి, మసక ఎరుపుగా కనిపించడం మొదలవుతుంది. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత నారింజకు, ఇంకా కాలితే పసుపుకు తిరగడం వెనుక ఉన్నది ఇదే. ఇనుము శక్తి విడవడం ఎర్రబడ్డాక మొదలుపెట్టలేదు. అంతకుముందు నుంచీ విడుస్తూనే ఉంది.

6. బల్బు డబ్బా చదవండి

డబ్బా మీద వాట్లు, ల్యూమెన్లు అని రెండు అంకెలుంటాయి. వాట్లు అంటే బల్బు సెకనుకు తీసుకునే శక్తి. ల్యూమెన్లు అంటే బయటికొచ్చే వికిరణ శక్తిని మన కంటి తూకంతో తూచిన లెక్క. కన్ను 555 నానోమీటర్ల పసుపుపచ్చని ఆకుపచ్చను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకుంటుంది. అక్కడ ఒక వాటు వికిరణ శక్తి 683 ల్యూమెన్లు. అదే ఒక వాటు 650 దగ్గరి ఎరుపులో అయితే సుమారు 73 ల్యూమెన్లే. రిమోట్ పరారుణంలో అయితే సున్నా. శక్తి మూడు చోట్లా ఒకటే.

పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పటి 9 వాట్ల ఎల్ఈడీ దాదాపు 900 ఇస్తుంది. పాత బల్బు తీసుకున్న కరెంటులో పదోవంతు కూడా కంటికి అందేది కాదు, ఎక్కువ భాగం పరారుణంగా పోయేది. ఎల్ఈడీ కూడా వేడి పుట్టిస్తుంది గానీ ముందువైపు పరారుణంగా పంపదు. వెనుక లోహపు భాగం ద్వారా వదులుతుంది. కాసేపు వెలిగాక స్విచ్ తీసి, వేలితో ముందు బుడగను, తర్వాత హోల్డర్ దగ్గరి భాగాన్ని జాగ్రత్తగా తాకితే తేడా తెలుస్తుంది.

7. మిద్దె మీద లెక్క వేయండి

భూమి వాతావరణం పైన సూర్యుడి నుంచి చదరపు మీటరుకు 1,361 వాట్లు అందుతాయి. మబ్బులేని మధ్యాహ్నం నేల మీదికి సుమారు 1,000 చేరతాయి. పది చదరపు మీటర్ల మిద్దె మీద అది పది కిలోవాట్లు. ముదురు రంగు పైకప్పు దీన్ని చాలావరకు పీల్చుకుంటుంది. తెల్లటి కూల్‌రూఫ్ పెయింట్ చాలావరకు వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. పెయింట్ ఎంచుకునేటప్పుడు తెల్లగా ఉందా అని మాత్రమే చూడకండి. కంటికి తెల్లగా ఉన్నది పరారుణాన్ని కూడా అంతే వెనక్కి కొడుతుందని హామీ లేదు. మొత్తం సౌర వికిరణంలో ఎంత శాతం వెనక్కి పంపుతుందో కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది, అది అడగండి.

సోలార్ ప్యానెల్ కొంటున్నవాళ్లు ఇంకో సంగతి చూడాలి. సిలికాన్ ప్యానెల్ కూడా ఫోన్ కెమెరాలాగే సుమారు 1100 నానోమీటర్ల వరకే శక్తిని కరెంటుగా మార్చగలదు. అంతకంటే పొడవైన తరంగాలతో కరెంటు రాదు. వాటిలో ప్యానెల్ పీల్చుకున్నది ప్యానెల్‌నే వేడెక్కిస్తుంది. పొట్టి తరంగాల్లో అవసరానికి మించి ఉన్న శక్తి కూడా అలాగే వేడి అవుతుంది. ప్యానెల్ వెనుక లేబుల్ మీద రాసే వాట్లు, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ, 25 డిగ్రీల ప్యానెల్ ఉష్ణోగ్రత దగ్గర కొలిచినవి. మే నెలలో మన మిద్దెల మీద ప్యానెల్ 65 డిగ్రీల దాకా వెళ్లగలదు. సిలికాన్ ప్యానెళ్లకు 25 దాటిన ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అంటే 400 వాట్ల ప్యానెల్ నుంచి నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కూడా సుమారు 345 వాట్లే ఆశించాలి. కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో ఆ తగ్గుదల శాతం తక్కువగా ఉన్న ప్యానెల్ తీసుకోండి. బిగించేటప్పుడు పైకప్పుకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఖాళీ వదలమని చెప్పండి.